బ్రేకు మీద ఎవరున్నారు?

మా ఆయన చెన్నై విమానాశ్రయంలో పని చేస్తారు. ఆగి ఉన్న విమానాన్ని ట్రాక్టరుతో లాగేముందు అది కదలకుండా చక్రాలకు దిమ్మలు పెట్టడం, తీయడం ఆయన పని. లోపల ఒకరు బ్రేకు తొక్కి పట్టుకున్నాకే దిమ్మలు తీయాలట. తేలిక పనే అనుకునేదాన్ని, పోయిన వేసవి వరకూ.

అప్పటికి పాపకు ఎనిమిదో నెల. ఆత్మకూరులోని అత్తగారింటి నుంచి సీతారామపురంలోని మా పుట్టింటికి వెళ్తుంటే, ఉదయగిరి దాటాక ఎత్తు ఎక్కుతుండగా కారు ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేకు సరిగా పట్టడం లేదని ఆయన వెనక చక్రాలకు రాళ్లు పెట్టారు. పాప నిద్రపోతోందని నేను దిగలేదు. ఫోన్ చేస్తే మా తమ్ముడు ట్రాక్టరు తెచ్చాడు.

"ముందు తాడు బిగిద్దాం. నేను లోపల బ్రేకు తొక్కినాకే రాళ్లు తియ్యి," అన్నారాయన.

"ఏంది బావా, ఇదేమన్నా విమానమా?" అని నవ్వుతూ, ఆయన తాడు కడుతుండగానే వాడు రెండు రాళ్లూ లాగేశాడు.

కారు వెనక్కి జారింది. వెనక లోయ. పాపను అదుముకుని అరిచాను. ఆయన పరుగెత్తుకొచ్చి రాయిని చక్రం కిందికి తోశారు. కారు కుదుపుతో ఆగింది.

"బావా, చెయ్యి ఉండాదా?" తమ్ముడు వంగి చక్రం కిందికి చూశాడు.

"ఉండాది. నువ్వు తాడు కట్టరా."

ఆయన వేళ్ల మీద తోలు లేచిపోయింది. రోజూ విమానం చక్రాల దగ్గరికి వెళ్లేవి ఆ వేళ్లేనని అప్పుడు గుర్తొచ్చింది.

ఈ రాత్రీ ఆయనకు డ్యూటీయే. పాప నిద్రపోయింది, నాకు నిద్ర రావడం లేదు. ఆయన ఫోన్ చేస్తే ఇదివరకు 'తిన్నారా?' అని అడిగేదాన్ని. ఇప్పుడు 'లోపల బ్రేకు మీద ఎవరున్నారు?' అంటాను. పేరు చెప్పేదాకా ఫోన్ పెట్టనివ్వను.