గోడ మీద జీడి రాత

శ్రీముఖలింగేశ్వరుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మొన్న మా అమ్మాయి హైస్కూల్లో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్తే, గోడకి కొత్తగా ఎర్రరంగేసిన ఫిర్యాదుల పెట్టె కనబడింది. ఆడపిల్లల్ని ఎవరైనా ఏడిపిస్తే చీటీ రాసి అందులో వెయ్యొచ్చట. అంతలో కిటికీలోంచి జీడిపిక్కలు కాలుస్తున్న పొగ వాసన వచ్చింది. నా బొటనవేలి మచ్చ చురుక్కుమంది.

మా ఉద్దానంలో ఎండలు ముదిరితే జీడితోటలే లోకం. మా తోటలో ఒక చెట్టు ఎంత పెద్దదంటే, దాని కొమ్మ ఒడిశాలోకి పోయి అక్కడ కాసేది. ఆ పళ్ళు ఒరియాలో తియ్యగా ఉండేవి. పళ్ళు చీకి, చొక్కాల నిండా మరకలు చేసుకుని, రేకు మీద పిక్కలు కాల్చుకు తిని, నల్లమూతులతో బడికి పోయేవాళ్ళం. పచ్చిపిక్క తొక్కలో ఉండే జీడి ఒంటికి తగిలితే పొక్కుతుంది. గోడకి తగిలితే ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతుంది.

ఏడో తరగతి లెక్కల్లో మొదటి మార్కు పైడమ్మది, రెండోది నాది. గది ఊడ్చి, మేస్టారికి నీళ్ళు తెచ్చి మరీ ఓడించేది నన్ను. ఒక సోమవారం బడి గోడ మీద ఆమె పేరు, పక్కన ఒక మగపిల్లాడి పేరు, జీడితో రాసి ఉన్నాయి. ఎవరూ రాకముందే చెరిపెయ్యాలని రుద్దాను. వేళ్ళు పొక్కాయి గానీ అక్షరం కదల్లేదు.

రాసిందెవరని మేస్టారు అడగలేదు. ఆమెనే నిలబెట్టి, "నువ్వేటి సేస్తే నీ పేరు రాసారే?" అన్నారు. అందరూ నవ్వారు.

"నానేటీ సెయ్నేదండి," అంది పైడమ్మ.

సాయంత్రం వాళ్ళ అయ్య వచ్చాడు. "సదివింది సాల్లే, నడు," అని పుస్తకాల సంచీ తన భుజానికేసుకున్నాడు. నెల తిరక్కుండా జీడిపప్పు ఫ్యాక్టరీలో తొక్క తీసే పనిలో పెట్టాడు. గోడ మీద రెండు పేర్లు, అంతే, ఒక పిల్ల చదువు అయిపోయింది.

మరుసటేడు సంతలో కనబడితే ఆమె పది వేళ్ళూ నల్లబడి ఉన్నాయి. నా మచ్చ చూసి, "నీకెలాగంటిందిరా జీడి?" అంది.

"నీ పేరు సెరపబోతే అంటింది."

"మంచోడివిరా," అంది.

ఆ బడి ఇప్పుడు లేదు, గోడ లేదు, సగం తోటలు తుఫానుకి పోయాయి. ఒట్టేశాను కాబట్టి కల్పించిందేదో ఒప్పుకోవాలి. ఒడిశా కొమ్మని మీరెలాగూ నమ్మలేదు. చెరపబోయానన్నది కూడా అబద్ధమే. వేళ్ళు పొక్కింది రాస్తున్నప్పుడు. ఆ రోజు మేస్టారు మగపిల్లల్ని చేతులు చూపించమని ఉంటే అక్కడే దొరికిపోయేవాణ్ణి.