ఊరంతా లావక్షరాలు

బాబాయికి లావక్షరాల పిచ్చి. ఆయన ప్రెస్సులోంచి బయటికొచ్చే ప్రతి కాగితం మీదా అవే. తోకల్లేవు, ఒంపుల్లేవు, మొదటినుంచి చివరిదాకా ఒకటే మందం. తలకట్టు కూడా దూలమంత ఉండేది. తగ్గింపు ధరల బోర్డులకీ, రోడ్డు మీద హెచ్చరికలకీ వాడే ఆ అక్షరాలని రెండేళ్లుగా ఆయన అన్నింటికీ వాడేస్తున్నాడు.

లాయరుగారి విజిటింగ్ కార్డు మీద 'లాయరు' అన్న మాటకే చోటంతా అయిపోయింది.

"నా పేరేదయ్యా?"

"అక్షరం తగ్గదు సార్. మాటే తగ్గించుకోవాలి."

సంతాప పత్రం వేస్తే, పోయినాయన ఎన్నికల్లో నిలబడ్డాడేమో అనుకున్నారు జనం.

అందరికన్నా ఎక్కువ తలకొట్టేసినట్టయింది ఆయన అన్న కూతురికి. సంగీతం బళ్లో వయొలిన్ నేర్పుతుంది. "ఆ ప్రెస్సాయన మీ బాబాయట కదా?" అని ఎవరైనా అడిగితే, "ఏదో దూరపు చుట్టం లెండి" అనేసేది.

అలాంటిది, ఆమె మొదటి కచేరీకి ఆహ్వానాలు తానే వేస్తానని బాబాయి పట్టుబట్టాడు.

"సన్నటి అక్షరాలు కావాలి బాబాయ్. ఈ ఒక్కసారికీ నా పరువు కాపాడు."

"ఓస్, అంతేనా అమ్మడూ!"

మూడోరోజు కట్ట తెచ్చిచ్చాడు. 'కచేరీ. ఆదివారం ఆరింటికి. రండి.' అంతే. దాన్ని చూస్తే రావాలనిపించదు, పారిపోవాలనిపిస్తుంది. ఆమె పళ్లు బిగబట్టి "బాగున్నాయి" అంది. కట్టని మంచం కిందకి తోసేసి, ఇంకో ప్రెస్సులో తీగల్లాంటి సన్నక్షరాలతో వేయించుకుంది. "నీవన్నీ పంచేశాను బాబాయ్" అని అబద్ధం కూడా ఆడింది.

"అందరూ చదవగలిగారా?" అని అడిగాడాయన సంబరంగా.

సన్నక్షరాల కార్డు మొదట అమ్మకిచ్చింది. అమ్మ దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఎంత బాగుందే! ముత్యాల్లా ఉన్నాయి."

కార్డు తలకిందులుగా ఉంది.

"ఏదీ, చదువమ్మా."

"కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమిటో..."

కళ్లజోడు ముక్కు మీదే ఉంది. కూతురు గబుక్కున లేచింది. వంటింట్లోకి చూసింది. డబ్బాల మీద ఉప్పు, పంచదార. మందుసీసా మీద పొద్దున, రాత్రి. అన్నీ బాబాయి అక్షరాలే. వాటిని చూసి ఇన్నాళ్లూ నవ్వుకుంది.

పరుగున ప్రెస్సుకెళ్లింది.

"అమ్మకి చూపు ఆనడం లేదా?"

బాబాయి మెషీన్ ఆపాడు. "వదిన ఒట్టేయించుకుంది. తెలిస్తే నువ్వు వయొలిన్ మూలపడేసి తన వెనకాలే తిరుగుతావట. కచేరీ కాగానే ఆపరేషన్‌కి ఒప్పుకుంది."

"మరి లాయరుగారి కార్డేం చేసింది పాపం?"

"ఒక్క మీ ఇంట్లోనే లావక్షరాలుంటే నువ్వు పట్టెయ్యవూ? అందుకే ఊరంతా లావు చేసేశాను."

ఆమెకి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. "నీ కార్డులు పంచలేదు బాబాయ్. మంచం కింద పడేశాను."

"తెలుసులే. వదిన ఊడుస్తుంటే దొరికాయట. తన కార్డు తను తీసేసుకుంది."

ఆమె ముఖం ఇంకా కిందకి దిగిపోయింది. మెల్లగా అంది: "స్టేజి మీద బ్యానరు నువ్వే వెయ్యాలి."

బాబాయి మొహం చాటంతయింది. అంతలోనే తల గోక్కున్నాడు.

"వేస్తాను గానీ అమ్మడూ, నీ పేరు సగమే పడుతుందే!"

"సగమే వెయ్యి. ముందు వరసలో అమ్మకి కనపడితే చాలు."