గాజు బాల్కనీలో ఎలుకలు

ద్రహొమీరా నడుంనొప్పికి నీటి వైద్యం చేయించుకుని యెసెనిక్ కొండల నుంచి తిరిగొచ్చేసరికి ఒస్త్రావా నగరంలో వీధులన్నీ మంచు కప్పుకుని ఉన్నాయి. ఏడో అంతస్తులో తలుపు తీయగానే వెల్లుల్లి, మరువం కలిసిన వాసన గుప్పుమంది. పల్లెలో బాబాయి కొడుకు పందిని కోసినట్టున్నాడు. ఏటా జనవరిలో కోస్తాడు. అక్క వ్లాస్తా వెళ్లి, నెత్తురు సాసేజీలు, తలమాంసం, కరిగించిన కొవ్వు సంచుల కొద్దీ మోసుకొస్తుంది.

"వచ్చావా?" అంది వ్లాస్తా, పొయ్యి మీంచి తల తిప్పకుండానే. "నడుం ఒక్కటే సరిచేశారా, నాలుక్కి కూడా సాన పట్టారా?"

"సాన కోసం అంత దూరం పోవాలా అక్కా? ఇంట్లో సానరాయిలా నువ్వున్నావుగా."

అక్కాచెల్లెళ్ల పలకరింపులు ఎప్పుడూ అంతే. అరవై దాటినా వాళ్లకి వేరే మాటలు అలవాటు కాలేదు.

ద్రహొమీరా బతుకంతా బడి భోజనశాలలో వంటమనిషిగా గడిచింది. మూడు తరాల పిల్లలు ఆమె చేతి సోయికూర పులుసును తిట్టుకుంటూనే తిని పెద్దవాళ్లయ్యారు. ఆమె భర్త ఆర్నోష్ట్‌కు పాముల పిచ్చి. గోడ పొడవునా గాజు పెట్టెలు, వాటిలో దీపాలు. ఒక వసంతంలో అతను వేరొక ఆవిణ్ణి చూసుకుని లిబెరెట్స్ వెళ్లిపోయాడు. చిన్న పాములన్నిటినీ పట్టుకెళ్లాడు. అన్నిటికంటే పెద్దదాన్ని, కొండచిలువ జాతి ముసలి ఆడదాన్ని మాత్రం వదిలేశాడు. వచ్చే నెల బండి తెచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆ నెల ఇంతవరకూ రాలేదు.

అప్పటిదాకా ద్రహొమీరా ఆ పెట్టెల వైపు తిరిగి చూసేది కాదు. ఇప్పుడు ఆకలితో ఉన్న పాముకూ తనకూ మధ్య గాజుపలక తప్ప ఇంకెవరూ లేరు. నేర్చుకుంది. దానికి బరోంకా అని పేరు కూడా పెట్టింది. అద్దె ఇల్లు వదిలి, అమ్మ పోయాక అక్క ఒక్కతే ఉంటున్న ఈ ఫ్లాటుకు వచ్చినప్పుడు పెట్టెతో సహా వచ్చింది.

"మొగుణ్ణి పారేసుకుని పురుగును తెచ్చుకుంది మా చెల్లెలు," అని వ్లాస్తా మెట్ల మీద కనబడ్డవాళ్లందరికీ చెప్పింది.

సామాన్ల గదిలో ఉన్న డీప్ ఫ్రీజర్ ఒక్కటే. అందులో అడుగున ఎడమవైపు మూల ద్రహొమీరాది. పాము తిండికి తెచ్చిన తెల్ల ఎలుకలను ఒక్కోదాన్నీ విడివిడిగా గడ్డకట్టించి, పాత ఐస్‌క్రీం డబ్బాల్లో పెట్టి మూత బిగించేది. ఒక ఈస్టర్ పండక్కి వచ్చిన చుట్టాల ముందు వ్లాస్తా వెనీలా అనుకుని అలాంటి డబ్బా ఒకటి తెరిచింది. ఆ తర్వాత ద్రహొమీరా ప్రతి డబ్బా మీదా ఎర్ర టేపు అంటించింది. వ్లాస్తా మాత్రం ఆ డబ్బాలను చేత్తో ముట్టుకోవడం మానేసి, చీపురు కర్రతో పక్కకు నెట్టేది.

పాముకు తిండి పెట్టడం ఒక వంటే. ముందురోజు ఎలుకను ఫ్రిజ్ అడుగు అరలో మూతపెట్టెలో ఉంచి నెమ్మదిగా కరగనివ్వాలి. మర్నాడు సంచిలో కట్టి గోరువెచ్చని నీళ్లలో వేయాలి. వేడినీళ్లు పోస్తే పైన ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది. మైక్రోవేవ్ మాట తలపెట్టకూడదు. వెచ్చబడ్డాక గుడ్డతో తడి తుడిచి, పొడవాటి పటకారుతో ముక్కు దగ్గర ఆడించాలి. ఒకసారి కరిగిందాన్ని మళ్లీ గడ్డకట్టించి పెడితే పాము ప్రాణానికే ముప్పు. భోజనశాలలో మాంసానికీ అదే కట్టుబాటు కనక ద్రహొమీరాకు ఇదంతా కొత్తగా అనిపించలేదు.

బరోంకా చలికాలపు ఉపవాసంలో ఉంది. ద్రహొమీరా ఊరినుంచి వచ్చిన వారంలోనే పాత చర్మం వదిలింది. నాలుక ఆడిస్తూ గాజుకు ముక్కు ఆనించింది. ఆకలన్నమాట. ద్రహొమీరా ఫ్రీజర్ మీదికి వంగబోతే నడుం కలుక్కుమంది. చేతికందిన మొదటి ఎలుకను లాగింది. అది పక్కదానికి అంటుకుని ఉండి, టప్పున విడివచ్చింది. వంగి చూసే ఓపిక లేక మూత వేసేసింది.

పాము ఆబగా మింగింది. నాలుగోనాటికి కక్కేసింది.

ఆ కంపు వంటింటిదాకా వచ్చింది. వ్లాస్తా కిటికీలన్నీ తెరిచి, కోటు తొడుక్కుని కూర్చుంది. "చస్తుందా?" అంది. "చస్తే ముందే చెప్పు. లిఫ్టులో కాకుండా మెట్ల మీదుగా దింపించాలి. జనం ఉంటారు."

ద్రహొమీరా పెట్టె కడిగింది, దీపం వేడి చూసింది, నీళ్లు మార్చింది. ఏళ్ల తరబడి దాన్ని మోసిన చేతులకు దాని బరువు తగ్గడం తెలిసింది. వెన్నెముక గుచ్చుకుంటోంది. ఇంకొకసారి కక్కితే ఇంత ముసల్ది తట్టుకోదు. నీళ్లు సరిగా వెచ్చబడలేదా? తొందరపడ్డానా? తప్పు తనదేనని ఆమె రెండు రోజులు తన చేతుల్నే తిట్టుకుంది.

మూడోరోజు లిఫ్టులో నాలుగో అంతస్తు హెర్మీనా కలిసింది. చేతిలో చెత్త సంచి, మొహంలో ఏడుపు.

"తలమాంసం ఉడకబెట్టి పోసిన అచ్చు మొత్తం పారేస్తున్నానమ్మా. ముప్ఫై ఏళ్లుగా బాల్కనీలోనే పెడుతున్నా, ఎన్నడూ పాడవలేదు. మొన్న శరత్కాలంలో ఈ అద్దాలు బిగించారు చూడు, వాటి పుణ్యం! బయట మంచు, లోపల ఎండ. మధ్యాహ్నానికి టమాటా మొక్కలు పెంచుకోవచ్చు. రాత్రికి మళ్లీ రాయిలా బిగుసుకుంటుంది. వారం రోజులు అలా కరిగీ బిగిసీ పచ్చబడిపోయింది."

"అయ్యో హెర్మీనా గారూ," అంది ద్రహొమీరా. అని, టప్పున విడివచ్చిన ఆ ఎలుక గుర్తుకొచ్చి, కిందికి దిగకుండానే మళ్లీ ఏడో నంబరు నొక్కింది.

ఈసారి నడుం సంగతి చూసుకోలేదు. ఫ్రీజర్‌లోంచి డబ్బాలన్నీ పైకి లాగింది. గులకరాళ్లలా విడివిడిగా దొర్లాల్సిన ఎలుకలు ఒకే ముద్దగా, డబ్బా ఆకారంలో బిగుసుకుని ఉన్నాయి. అడుగున గులాబీరంగు మంచు. ఒకదాన్ని గోరుతో గీకితే పొట్ట ఆకుపచ్చగా కనబడింది.

వ్లాస్తా బల్ల దగ్గర కూర్చుని పంది చర్మపు వేపుడు నూరిన ముద్దను రొట్టె మీద రాసుకుంటోంది. ద్రహొమీరా డబ్బా తెచ్చి ఆ రొట్టె పక్కనే పెట్టింది.

"వీటిని బాల్కనీలో పెట్టావు కదూ?"

"పెట్టాను. అయితే ఏంటి? మనుషుల తిండికి చోటు లేకపోతే ఎలుకలకి మెత్తలు వేసి పడుకోబెట్టాలా?" వ్లాస్తా కత్తి దించలేదు. "సాసేజీలు చాలావరకు పంచేశాక మళ్లీ లోపల పెట్టాను. బయట మంచు పడుతుంటే వాటికేం రోగం? అమ్మ అక్కడే పెట్టేది కాదా పంది తలని? తిని మనం చచ్చామా?"

"అమ్మ రోజుల్లో అద్దాలు లేవు. ఎండకి కరిగాయి. కరిగి, కుళ్లి, మళ్లీ బిగిశాయి. ఒకటి కాదు, అన్నీ."

"నాకేం తెలుసు? నేనేమన్నా ఎలుకల వంటవాళ్ల బళ్లో చదివానా?"

"తెలియకే పెట్టావు, సరే. నేనొచ్చాక చెప్పొచ్చుగా? ఒక్క మాట. బాల్కనీలో పెట్టానే చెల్లీ, చూసి వాడు అని."

"చెబితే ఆ రాత్రంతా నీ శోకాలు వినాలి. నువ్వడిగావా?"

ద్రహొమీరా సామాన్ల గదికి వెళ్లి, ఫ్రీజర్‌లో మిగిలిన మాంసం, కొవ్వు, అక్క ఆదివారం కోసం దాచుకున్న నెత్తురు సాసేజీలు, అన్నీ తొట్టిలో వేసింది. మోసుకెళ్లి బాల్కనీలో, అద్దంలోంచి ఎండ సూటిగా పడేచోట దింపింది.

"ఏయ్! ఏం చేస్తున్నావే?"

"బయట మంచు పడుతోంది కదక్కా. వీటికేం రోగం?"

వ్లాస్తా కుర్చీ తోసుకుని లేచింది. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పరిగెత్తి, రొప్పుతూ తొట్టిని లోపలికి ఈడ్చుకొచ్చింది. ఆ పరుగుతో ఆవిడ నోట రాని ఒప్పుకోలంతా బయటపడింది. ఇద్దరికీ అర్థమైంది.

డబ్బాలు చెత్తలోకి పోయాయి. ఆదివారం సర్పాల సంతలో ద్రహొమీరా అన్నిటికంటే చిన్న ఎలుకలను ఏరి తెచ్చుకుంది. వెంటనే పెట్టకూడదు. కక్కిన పొట్ట మానాలి. ఆ వారాలన్నీ పాము నీళ్లు తాగి చుట్టగా పడుకుంది. గాజుకు ముక్కు ఆనించడం మానేసింది. ఇంట్లో వంట రెండు పొయ్యిల మీద, రెండు గిన్నెల్లో సాగింది. ఒకరు వంటింట్లోకి వస్తే ఇంకొకరు కప్పు పట్టుకుని లేచిపోయేవారు. వ్లాస్తా గోడల్ని ఉద్దేశించి మాట్లాడటం మొదలెట్టింది. "కంపు రావట్లేదే," అనేది. ఇంకోరోజు, "కరెంటు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, ఎవరికోసమో." ద్రహొమీరా తన గది తలుపు దగ్గరికి లాక్కునేది.

చివరికి ఒక సాయంత్రం ఆమె బొటనవేలంత ఎలుకను వెచ్చబెట్టింది. మణికట్టు మీద ఆనించి చూసుకుంది. తుడిచి పటకారు చాచింది. బరోంకా కదల్లేదు. చెయ్యి నొప్పెట్టింది. నడుం లాగింది. ఎంతో సేపటికి ఆ నాలుక ఒకసారి బయటికొచ్చింది, మళ్లీ వచ్చింది. పాత రోజుల విసురు లేదు. తల మెల్లగా జరిపి, అడిగి పుచ్చుకున్నట్టు అందుకుంది.

ఆ తర్వాత రోజులన్నీ ద్రహొమీరా తలుపు తీసిన ప్రతిసారీ ముందు ముక్కుతో గది చూసేది, తర్వాతే కళ్లతో. కంపు లేదు. వారం దాటాక పెట్టె మూలలో పాము విసర్జన తెల్లగా, గట్టిగా కనబడింది. అరిగింది. బతుకుతుంది. ఆమె మంచం మీద కూర్చుండిపోయి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

తలుపు అవతల చెప్పుల చప్పుడు ఆగింది.

"ద్రహొమీరా." పాము కక్కిన తర్వాత అక్క ఆమెను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. "ఉందా, పోయిందా?"

"ఎవరు?"

"ఎవరో నీకు తెలీదూ? నాకు నిద్ర పట్టట్లేదే. ఏదో ఒకటి చెప్పు."

పెట్టెలో బరోంకా చుట్టలు సడలించి, దీపం కిందికి తలను తెచ్చుకుంది. ద్రహొమీరా దాన్ని చూస్తూ కూర్చుంది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక మీదే ఉంది. తను తిరిగొచ్చిన రోజున అక్కకు దొరకని మాటంత చిన్నది.

"నీకెందుకక్కా," అని లేచి, తలుపు గడియ పెట్టింది.

అవతల చెప్పులు చాలాసేపు కదల్లేదు.