చెరగని నెంబరు

రిటైరైన తెలుగు లెక్చరర్ తిరుపాలయ్య సారు మార్కాపురం బస్టాండులో టీ తాగుతూ, తన కవితలకు ఇంటర్నెట్టులో తెచ్చుకున్న డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నెంబర్లు ఫోనులో చూపించనిదే గ్లాసు కింద పెట్టడు. "కవితకు ఇది ఆధార్ లాంటిది. లోకం మునిగినా చెరగదు. ఇంక నాది ఎవడూ దొంగిలించలేడు" అంటాడు. వాటిని దొంగిలించాలని ఇంతవరకు ఎవరికీ బుద్ధి పుట్టలేదని టీ కొట్టాయన చెప్పలేక ఊరుకుంటాడు. జుట్టుకు నల్లరంగు, లాల్చీకి గంజి, గొంతులో సన్మానానికి సిద్ధంగా ఉన్న వణుకు. పెళ్లికైనా చావుకైనా పిలవకుండానే కవిత పట్టుకొని దిగుతాడు. కాగితం అడుగున నెంబరూ క్యూఆర్ కోడూ ఉండాల్సిందే.

మొన్న బేస్తవారిపేటలో బేల్దారి మేస్త్రీ ఎబినేజర్ జ్ఞాపకార్థ కూడికకూ అట్లనే వచ్చినాడు. పాస్టరు గారి ప్రార్థన కాగానే మైకు లాక్కొని ఏడుపు గొంతుతో చదివినాడు. ఎబినేజర్ భార్య సామ్రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇది రిజిస్టరైన గీతం, నా అనుమతి లేకుండా ఎవరూ వాడకూడదు" అని ముగించి, కాగితం ఆమె చేతిలో పెట్టినాడు. నాయన గుర్తుగా దాచుకుందామని కూతురు కృప ఆ కోడును స్కాన్ చేసింది. ఫోనులో అవే మాటలు వచ్చినాయి. పైన మాత్రం 'త్రిపురాంతకం గోవిందయ్య గారికి కన్నీటి నివాళి' అని, పోయిన సంవత్సరం తేదీతో ఉంది.

"ఏంది సార్, ఇందులో మా నాయన పేరే లేదు?"

సారు కళ్లజోడు సర్దుకున్నాడు. "అది శాశ్వతం తల్లీ, మార్చడానికి కుదరదు. కాగితం మీద మార్చినా కదా."

సామ్రాజ్యం ఏడుపు ఆపింది. కాగితాన్ని మడిచి ఆయన లాల్చీ జేబులోనే పెట్టింది.

"తీసుకపోండి సార్. మేమేం దొంగిలించంలే."