సునంద గారి కిటికీ సీటు

రాయదుర్గంలోని మా ఆఫీసు లిఫ్టు పద్నాలుగో అంతస్తు నుంచి దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయి. విమానం గుర్తొచ్చి అరచేతులు చల్లబడతాయి, ఆ వెంటనే సునంద గారు గుర్తొస్తారు. ఆమె నా మొదటి మేనేజరు, కాకినాడ మనిషి. నేను జనగామ వైపు పిల్లను. ఉద్యోగంలో చేరాక విమానం ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. ఒకసారి జ్వరం, ఇంకోసారి మేనమామ కూతురి పెళ్లి. ఆ మేనమామకు కూతుళ్లే లేరు.

మూడోసారి గువాహటి క్లయింటు దగ్గరికి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈసారి ఎవరి పెళ్లమ్మా?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. "గుబులైతది మేడం. నాతోని కాదు," అన్నాను. ఆమె నవ్వలేదు. కంప్యూటర్లో సీట్ల పటం తెరిచి, ముహూర్తం పెడుతున్నంత శ్రద్ధగా చూడసాగారు. "పొద్దుటి విమానం కదా, ఎండ కుడివైపు కొడుతుంది. మంచు కొండలు ఎడమవైపు కనబడతాయట. రెక్క దగ్గరైతే ఏమీ కనబడదు, ముందు వరసలోనే తీసుకుందాం." రెండు రోజుల్లో మూడుసార్లు సీట్లు మార్చారు. ఇంత ముచ్చటపడే మనిషికి భయమేముంటుందిలే అని కుళ్లుకున్నాను.

తీరా ఎక్కాక కిటికీ దగ్గర నన్ను కూర్చోమన్నారు. తను పక్క సీట్లో బెల్టు బిగించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నా మణికట్టు పట్టుకున్నారు. ఆ చెయ్యి నా చేతికంటే చల్లగా ఉంది.

"మేడం, మీకు సుత భయమేనా?"

"ఎప్పట్నుంచో. కింద ఏముందో పక్కవాళ్లు చెబుతుంటే కాస్త ఊపిరాడుతుంది నాకు. అందుకే ఈ సీట్ల గోలంతా. చెప్పమ్మా, ఏం కనబడుతోంది?"

చెప్పడం మొదలుపెట్టాను. చెరువులు, ఎర్రమట్టి దారులు, దారప్పోగుల్లా రోడ్లు. చెబుతూ చెబుతూ నా భయం సంగతే మరిచిపోయాను.

గంటన్నర దాటాక మబ్బుల్లోకి వెళ్లాం. గతుకుల రోడ్డు మీద బస్సులా విమానం ఎగిరెగిరి పడింది. "ఇప్పుడేముంది?" అన్నారామె. బయట తెలుపు తప్ప ఏమీ లేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"నది, మేడం. పెద్ద నది. పడవలు సుత కనపడ్తున్నయ్."

ధైర్యం వచ్చిందేమో, కళ్లు తెరిచారు. కిటికీ నిండా తెలుపే. ఆమె మొహం పాలిపోయింది.

"లేనిది చెప్పకమ్మా. తెల్లగా ఉంటే తెల్లగా ఉందనే చెప్పు. నీ మాట పట్టుకునే కదా కూర్చున్నాను," అని నా మణికట్టు వదిలేసి మళ్లీ కళ్లు మూసుకున్నారు.

కాసేపటికి మబ్బులు విడిపోయాయి. ఎడమవైపు, ఆమె చెప్పిన చోటే, మంచు కొండలు వరసగా నిలబడి ఉన్నాయి. "మేడం, కొండలు! ఒట్టు, నిజంగ కొండలే! జర చూడుండ్రి!" అని బతిమాలాను. "సరేలేమ్మా," అన్నారు. కళ్లు మాత్రం తెరవలేదు.

ఆ తర్వాత దాని గురించి ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. పనంతా దగ్గరుండి నేర్పించారు. రెండేళ్లకు ఉద్యోగం మానేసి కాకినాడ వెళ్లిపోయారు. విమానమంటే నాకు ఇప్పటికీ భయమే, అయినా ఎక్కుతాను. సర్వర్లు ఆగిపోయి క్లయింటు ఫోన్లో కేకలేస్తున్నప్పుడు, కారణం తెలియకపోతే తెలియదనే చెబుతాను. అలా చెప్పి తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి. ఊరడించే అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చినప్పుడల్లా మూసుకున్న ఆమె కళ్లే కనబడతాయి. రెండు రోజులు వెతికి వెతికి ఆమె ఏరుకున్న కొండలను నేనొక్కదాన్నే చూశాను.