మూడు ఊళ్ల కమాను బేరం

ఆ రోజుల్లో మా శ్రీకాకుళం వైపు ధర అడగడం వేరు, డబ్బిచ్చి కొనడం వేరు. మొదటిది విద్య, రెండోది ఓటమి. చెప్పిన ధరకే కొనుక్కొచ్చినవాణ్ణి ఇంట్లో భోజనానికి పిలిచేవారు గానీ సలహాకు పిలిచేవారు కాదు. ఈ విద్యలో మా మేనమామను మించినవాడు లేడు. కొత్తిమీర కట్ట కోసం బజారంతా తిరిగి, సాయంత్రానికి వాడిపోయిన కట్ట కొని, వాడినందుకు ధర తగ్గిందని మీసం దువ్వుకునేవాడు. అలాంటి మనిషికి దేవుడు ఒక లారీని ఇచ్చాడు. ఆ లారీకి గుమస్తాగా నన్ను ఇచ్చాడు. (జీతం ఎంతని నేను అడగలేదు. అడిగితే ఇంకో ఇద్దరు మేనల్లుళ్లను విచారించి చెప్పేవాడు.)

ఆ వేసవిలో బొబ్బిలి దగ్గర మా అత్తకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన మామిడితోట విరగకాసింది. చేత్తో రవికలు కుట్టీ కుట్టీ అత్త వేళ్లు కాయలు కాశాయి. ఈసారి కాయ విశాఖపట్నం మార్కెట్టులో అమ్మి, ఆ డబ్బుతో కుట్టు మిషను కొనాలని ఆవిడ పంతం. మావ అరసవల్లి సూర్యదేవుడి మీద ఒట్టేసి మరీ ఒప్పుకున్నాడు. గడ్డి పరిచి, దోరకాయ నింపుకుని లారీ బయల్దేరింది. బొబ్బిలి పొలిమేర దాటకుండానే వెనక చక్రం మీద ఫట్‌మని చప్పుడైంది. డ్రైవరు (నిద్రలో కూడా చెయ్యి గేరు మీదే ఉండేది కాబట్టి అందరూ ఆయన్ను గేరు బావ అనేవారు) దిగి చూసి, కమాను పట్టీ విరిగిందన్నాడు. లారీ బరువు మోసేది ఆ ఇనప పట్టీల కట్టే. అది లేకపోతే లారీ కుంటిది.

పక్కనే ఉన్న లారీ షెడ్డు మేస్త్రీ బండి కిందికి దూరి, ఒక బోల్టు వదులు చేసి చూసి బయటికొచ్చాడు. "పెద్ద పట్టీ ఇరిగినాది బాబూ. కట్ట దింపి, పట్టీ మార్సి, మజ్జాన్నానికల్లా పంపీస్తాను. తొంబై అవుతాది" అన్నాడు. మావ నవ్వాడు. ధర విన్నాక ఆయన నవ్వాడంటే మాకు తిరుగుడు మొదలైందని అర్థం. "ఇజీనారంలో అరవైకి సేస్తారు. దారే కదా, ఎల్లిపోదుం" అన్నాడు. విరిగిన చోట ఒక కర్ర దుంగ పెట్టి, తాడు బిగించి బయల్దేరాం. "బాబూ, బండి ఎడం పక్కకి వాలిపోతన్నాది" అని గేరు బావ మొత్తుకుంటే, "నువ్వు కుడి పక్కకి వాలి నడుపు" అన్నాడు మావ. ముగ్గురం కుడి పక్కకే వాలి కూర్చున్నాం. లారీ మమ్మల్ని లెక్కచెయ్యలేదు.

విజయనగరం చేరేలోపు ఇంకో పట్టీ పోయింది. అక్కడి మేస్త్రీ వంగబోతూ, "ముందు ఎవులికి సూపించినారు?" అని అడిగాడు. మావ ఇక్కడే తన తెలివంతా ఉపయోగించాడు. "బొబ్బిలిలో సూపించాం. అరవై అన్నాడు. నువ్వు యాబైకి సెయ్యి" అన్నాడు. మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. "బొబ్బిలోడు మా సెల్లెలి మొగుడు. ఆడు పానా పెట్టిన బండి నాను ముట్టకూడదు, అది మా మేస్త్రీల కట్టుబాటు. అయినా అరవైకి సేస్తానన్నాడా? మా బావ ఇంత మంచోడని నాకు తెల్దు. అక్కడే సేయించుకోండి." మావ బతిమాలలేడు, తొంబై అని నిజం చెప్పలేడు. బొబ్బిలికి తిరిగి వెళ్తే పరువు పోతుంది. విశాఖపట్నం ముందుంటే, మావ లారీని వెనక్కి తిప్పించాడు. "సికాకులంలో మనోడున్నాడు" అన్నాడు. మామిడికాయ ఎండలో పండుతోంది, ఆ సంగతి ముక్కుకు తెలుస్తూనే ఉంది. నేను చెప్పాను కూడా. "కాయ పండితే ధర పెరుగుతాది, తెల్దేటి?" అన్నాడు.

శ్రీకాకుళంలో 'మనోడు' లారీని చూసి ముందు దండం పెట్టాడు. "కట్ట మొత్తం పోనాది. దుంగ రాసుకుని ఇరుసు కూడా దెబ్బతిన్నాది. సామాను ఇజీనారం నుంచే రావాల. రెండొందల ఇరవై" అన్నాడు. మావ రాయి మీద కూర్చున్నాడు. ఇక వెళ్లడానికి నాలుగో ఊరు ఉన్నా, లారీ ఒప్పుకోలేదు.

సామాను వచ్చి, కట్ట ఎక్కేసరికి కాయంతా మెత్తబడింది. మార్కెట్టుకు పనికిరాని సరుకుతో లారీ అత్త గుమ్మం ముందే ఆగింది. ఆవిడ బయటికొచ్చి, గడ్డి తీసి చూసింది. కళ్లు నిండాయి. "వాసన ఈది మొదట్లోనే వచ్చినాది. బేరం కుదిరినాదేటి?" అని మాత్రం అడిగింది. నాకు సిగ్గేసింది. మావ మొహం చూశాక కాస్త సంతోషం కూడా వేసింది.

మా వైపు ఆడవాళ్లు పండిన మామిడిపండును ఓడిపోనివ్వరు. అత్త చాపలు పరిపించి, రసం పిండి, బెల్లం కలిపి తాండ్ర పొయ్యడం మొదలెట్టింది. పొర ఆరాక పొర, రోజూ అదే పని. ఎండలో ఈగలు తోలే ఉద్యోగం మావకి ఇచ్చింది. ఆ ఉద్యోగానికి ధర మాట్లాడుకునే అవకాశం ఇవ్వలేదు. తాండ్ర అమ్మిన డబ్బుతో మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని మిషన్ల కొట్టుకు వెళ్లి, కొట్టువాడు ధర చెప్పగానే కొంగుముడి విప్పి ఇచ్చేసింది. జీవితంలో మొదటిసారి మా ఇంటి మనిషి చెప్పిన ధర ఇవ్వడం చూశాను. మావ గిలగిల్లాడి, "ఇంకో రెండు కొట్లు సూద్దుమే" అన్నాడు. "సూసి రండి. మీరొచ్చీసరికి నాను కుట్టీస్తాను" అంది అత్త. అన్నట్టే ఆ మిషను మీద మొట్టమొదట మావకి పెద్ద బజారు సంచి కుట్టింది. "తిరగడానికి పనికొస్తాది" అని చేతికిచ్చింది.

ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. నేను మావని ఇన్నాళ్లూ నలుగురిలో వెక్కిరిస్తూ బతికాను. ఈమధ్య నా ఎడమ మోకాలు అరిగింది. మొదటి డాక్టరు చెప్పిన ఖర్చు విని నవ్వాను. రెండో డాక్టరు, "ముందు ఎవరికి చూపించారు?" అని అడిగితే మొదటాయన చెప్పినదాంట్లో సగం చెప్పాను. "అంత తక్కువకైతే అక్కడే చేయించుకోండి" అని పంపేశాడు. ఇంటికొచ్చేసరికి కుడి మోకాలు కూడా పట్టేసింది. నా భార్య (మావ కూతురే) అంతా విని, "మా నాన్న పోలిక నాకు రావాల గానీ నీకొచ్చినాదేటి?" అంది. లోపలికెళ్లి, వెలిసిపోయిన ఆ పాత సంచి తెచ్చి, నా ఎక్స్‌రేలన్నీ అందులో పెట్టి చేతికిచ్చింది. "ఇంకా ఒక ఊరు మిగిలుంది కదా, ఎల్లు" అంది. నేను ఎడం పక్కకు వాలకుండా, ఆనాడు మావ చెప్పినట్టు కుడి పక్కకు ఒరిగి, మొదటి డాక్టరు దగ్గరికే బయల్దేరాను. దారి పొడుగునా మావ మీద నవ్వొస్తూనే ఉంది, ఆయన మీద బెంగ కూడా.