చర్చిలోకి వచ్చిన అమ్మవారు

ఒక్క దేవుణ్ణే ఆరాధించాలన్న మొదటి ఆజ్ఞను బైబిలు కళాశాలలో ముప్పై నాలుగేళ్ళు బోధించాను. మొన్నటి తుఫానులో మా పాస్టరమ్మ ఆ ఆజ్ఞను ఎదుర్కొన్న తీరు చూసి ముచ్చటపడ్డాను.

పులికాట్ ఒడ్డున మా పల్లెలో గట్టి కప్పున్నది చర్చికే. మధ్యాహ్నం రెండుంబావుకు గాలి పెరిగింది. జాలర్ల కుటుంబాలన్నీ చర్చిలోకి చేరాయి, ఒక్క అవ్వ తప్ప. ఆమెను పిలవడానికి పాస్టరమ్మ, నేను వెళ్ళాం. అవ్వ తన పూరింటి గడపలో కూర్చునుంది.

"నేను రాన్లేమ్మా. అమ్మోరిని గాలికొదిలేసి నా పానం కాపాడుకుంటానా?"

"ఎవరొదిలేయమన్నారు? ఆమెను కూడా తీసుకురా అవ్వా" అంది పాస్టరమ్మ.

"చర్చిలోకా? మీ దేవుడు ఊరుకుంటాడా?"

"నిన్నిక్కడ వదిలేసి పోయినాననుకో, అప్పుడు నన్ను ఊరికే వదలడు. లే, వాన ముదురుతా ఉండాది."

అవ్వ నా వైపు తిరిగింది. "పెద్ద చదువులు చదివినామె చెప్పనీ. రేపు మీవాళ్ళు బయట పెట్టేస్తే?"

నాకు ఆజ్ఞ గుర్తొచ్చింది. ఆమె వెనక గోడ ఊగడం కూడా కనబడింది.

"పెట్టరు. నాదీ పూచీ" అన్నాను.

చర్చి వెనకగదిలో నా పుస్తకాల బీరువా పై అర ఖాళీ చేశాను. అవ్వ కొంగులో చుట్టి తెచ్చిన ఇత్తడి విగ్రహాన్ని అక్కడ పెట్టుకుంది. తెల్లారేసరికి ఆమె ఇల్లు లేదు.

ఇది ఏ వాక్యం ప్రకారం చేశారని ఆదివారం ఒక సంఘపెద్ద నన్ను నిలదీశాడు.

"ముందు ఆ అవ్వకు నాలుగు తాటాకులు మోసిపెట్టు నాయనా. వాక్యం తర్వాత ఇద్దరం కూర్చుని వెతుకుదాం" అన్నాను.

గొణుక్కుంటూనే మోశాడు.